కాపీ ఉన్నా షాపు నాలుగు రోజులు మూతపడింది, ఇప్పుడేం చేయాలి?

పల్నాడు ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఆమె, ఆమె భర్త పదహారేళ్లుగా చిన్న డీటీపీ షాపు నడుపుతున్నారు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తారు. వీటితోపాటు ముగ్గురు వ్యాపారులకు ట్యాలీలో లెక్కలు రాసిపెడతారు. ఉన్నది ఒకే కంప్యూటర్. విండోస్, అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, బొమ్మలు గీసే కోరెల్‌డ్రా సీ డ్రైవ్‌లో, అంటే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) మీద ఉండేవి. పాత పనులన్నీ డీ డ్రైవ్‌లో, 1 టీబీ హార్డ్‌డిస్క్ మీద, సుమారు 380 జీబీ ఉన్నాయి.

మాఘమాసం ముహూర్తాల మధ్యలో ఒక ఉదయం కంప్యూటర్ లేవలేదు. బూట్ డివైజ్ దొరకలేదన్న ఒక్క వాక్యం తప్ప తెర మీద ఇంకేమీ రాలేదు. ఎస్‌ఎస్‌డీ పోయింది. డీ డ్రైవ్ భద్రంగానే ఉంది కానీ సాఫ్ట్‌వేర్లు, ఫాంట్లు, ట్యాలీ డేటా, చేతిలో ఉన్న పనులన్నీ పెట్టుకున్న డెస్క్‌టాప్ సీ డ్రైవ్‌తోపాటే పోయాయి. ఇంట్లో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంది, అందులో ఏడు నెలల కిందటి కాపీ ఉంది. తెరిస్తే కొన్ని ఫోల్డర్లు వచ్చాయి, కొన్ని రాలేదు. రానివాటిలో వాళ్లమ్మాయి చిన్నప్పటి ఫోటోలున్నాయి. కొత్త 500 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ 11 ఎక్కించి, ఒక్కో సాఫ్ట్‌వేరూ వెతికి పెట్టుకునేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆరు శుభలేఖలు మళ్లీ కంపోజ్ చేశారు. రెండు పార్టీలు అడ్వాన్సు వెనక్కి తీసుకున్నాయి.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మరిది “అన్నీ క్లౌడ్‌లో పెట్టండి వదినా, గొడవుండదు” అంటున్నాడు. కంప్యూటర్ వేసిచ్చిన అబ్బాయి “పెద్ద డిస్క్ కొని వారానికోసారి కాపీ కొట్టుకోండి చాలు” అన్నాడు. భర్త మాత్రం “డెస్క్‌టాప్ మీద పెట్టడమే నీ తప్పు” అని ఇప్పటికీ అంటున్నారట. ఆమె అడిగింది ఇది: “ఎవరి మాట వినాలి? మళ్లీ ఇలాగే జరిగితే మర్నాటికల్లా షాపు తెరవాలంటే ఏం చేయాలి? పన్నెండు వేలకు మించి పెట్టలేం. పాత ఎస్‌ఎస్‌డీ సొరుగులోనే ఉంది, దాన్నుంచి ఏమైనా వస్తుందా?”

ముందు మీ ఇంట్లో వాదన తెగకపోవడానికి కారణం చెప్తాను. మీకు ఆ రోజు మూడు వేర్వేరు నష్టాలు జరిగాయి. మీరంతా వాటిని ఒకటిగా కలిపి మాట్లాడుకుంటున్నారు. ఫైళ్లు పోవడం మొదటిది: ఆరు శుభలేఖలు, ట్యాలీ, ఫోటోలు. పనిచేసే యంత్రం పోవడం రెండోది, ఆ నాలుగు రోజులు పోయింది అందుకే. మూడోది, ఉందనుకున్న కాపీ అక్కరకు రాకపోవడం. అది ఏడు నెలల పాతది, పైగా సగం చెడిపోయింది. మీ మరిది చెప్పిన క్లౌడ్ మొదటి నష్టాన్ని చాలావరకు ఆపుతుంది, రెండోదాన్ని ఆపలేదు. డెస్క్‌టాప్ మొత్తం క్లౌడ్‌లో ఉన్నా ఆ నాలుగు రోజులు మీరు సాఫ్ట్‌వేర్లు వెతుక్కుంటూనే ఉండేవారు. కంప్యూటర్ అబ్బాయి చెప్పిన కాపీ కూడా ఫైళ్ల వరకే. ఫోల్డర్లు లాగి వేరే డిస్క్‌లో వేస్తే విండోస్‌గానీ పేజ్‌మేకర్‌గానీ మళ్లీ లేచి కూర్చోవు.

మీవారి మాటకు వస్తే, డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవ్‌లోని ఒక ఫోల్డరే, అది నిజం. కానీ ఆ పనులు డీలో ఉండి, ఆ ఉదయం పోయింది హార్డ్‌డిస్క్ అయివుంటే, పదహారేళ్ల పనీ పోయేది. ఏ డ్రైవ్‌లో పెట్టామన్నదాని మీద భద్రత ఆధారపడకూడదు. ఆ పని రెండోచోట కూడా ఉండే ఏర్పాటు లేదు, తప్పు అక్కడుంది. అది మీ ఒక్కరిదీ కాదు, ఆయనొక్కరిదీ కాదు.

పద్ధతి ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలకు ఇద్దరూ కూర్చుని జవాబు చెప్పుకోండి. షాపు ఎన్ని గంటలు మూతపడితే తట్టుకోగలరు? ఎన్ని రోజుల పని మళ్లీ చేయడానికి సిద్ధం? మొదటిదానికి మీ ఉత్తరంలోనే జవాబుంది, మర్నాటికల్లా తెరవాలి. రెండోదానికి ఒక రోజు అనుకుందాం. ఈ రెండిటి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటే చాలా విషయాలు వాటంతటవే తేలిపోతాయి. మర్నాటికి తెరవాలంటే సిస్టమ్ ఇమేజ్ కావాలి. ఒక రోజు పనికి మించి పోకూడదంటే అది రోజూ దానంతటదే తీసుకోవాలి, మనిషి గుర్తుపెట్టుకుని చేసే పనిగా ఉండకూడదు. ఏడు నెలల ఖాళీ మీ బద్ధకం వల్ల రాలేదు. పెళ్లిళ్ల సీజన్‌లో కాపీ కొట్టడానికి ఎవరికీ తీరిక దొరకదు.

సిస్టమ్ ఇమేజ్ అంటే డిస్క్‌ని ఉన్నది ఉన్నట్టుగా తీసిపెట్టుకోవడం. విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు, కీబోర్డు లేఅవుట్, అన్నీ ఒకే మూటలో ఉంటాయి. కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి ఆ మూట విప్పితే నిన్నటి కంప్యూటరే మళ్లీ లేస్తుంది. అందరికంటే మీలాంటి షాపుకు ఇది ఎక్కువ అవసరం. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ దాన్ని పక్కన పెట్టేసింది. పాత సీడీ, దాని నంబరు, కొత్త విండోస్‌లో అది నడిచేలా చేసిన చిన్నచిన్న సర్దుబాట్లు ఇవన్నీ పోతే మళ్లీ కూర్చుకోవడమే పెద్ద పని.

అను ఫాంట్లది ఇంకో ఇబ్బంది. అవి యూనికోడ్‌కు (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ఇప్పటి పద్ధతి) ముందు కాలం నాటి పద్ధతి. ఫైల్లో నిజంగా ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. మీ పాత శుభలేఖ ఒకటి ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిచి చూడండి. పైన పసుపు రంగు గీత ఉంటుంది, వినాయకుడి బొమ్మ ఉంటుంది, “శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు” ఉండాల్సిన చోట మాత్రం డాలరు గుర్తులు, కామాలు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు వరుసగా నిలబడతాయి. ఫైలు క్షేమంగానే ఉంది, చదివే దిక్కు లేదు. అందుకే ఫైళ్ల బ్యాకప్ ఒక్కటే మీకు చాలదంటున్నాను.

ఇమేజ్ తీయడానికి మీ ముందు మూడు దారులున్నాయి.

విండోస్‌లోనే కంట్రోల్ ప్యానెల్‌లో “బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)” అని ఇప్పటికీ ఉంది, దాన్లో “క్రియేట్ ఎ సిస్టమ్ ఇమేజ్” నొక్కితే పని అవుతుంది. ఖర్చు లేదు. కానీ మైక్రోసాఫ్ట్ దాన్ని అభివృద్ధి చేయడం ఎప్పుడో ఆపేసింది. అది తీసే ఇమేజ్ “విండోస్‌ఇమేజ్‌బ్యాకప్” అనే ఫోల్డర్‌గా డిస్క్‌లో అన్నిటికంటే పైన ఉండాలి. నీటుగా ఉంటుందని ఇంకో ఫోల్డర్‌లోకి జరిపినా, పేరు మార్చినా రీస్టోర్ చేసేటప్పుడు విండోస్‌కు కనపడదు. పాత డిస్క్ కంటే చిన్న డిస్క్ మీదికి దింపనివ్వదు కూడా. ఏడాదికోసారి తీసే అదనపు కాపీకి పనికొస్తుంది. రోజూ దాని మీదే ఆధారపడమని మాత్రం నేను చెప్పను.

రెండో దారి, బయటి ప్రోగ్రాము. వీమ్ ఏజెంట్‌కు ఉచిత వెర్షన్ ఉంది, హాస్లియో బ్యాకప్ సూట్‌కూ ఉంది. చాలామంది పాత సలహాల్లో మాక్రియమ్ రిఫ్లెక్ట్ ఉచితమని చదివి వెతుకుతుంటారు, ఆ ఉచిత వెర్షన్‌కు 2024 జనవరి 1తో కాలం చెల్లింది. ఇలాంటి ప్రోగ్రాములు మొదటిసారి మొత్తం తీసి, ఆ తర్వాత రోజూ మారినంతవరకే తీస్తాయి. కంప్యూటర్ నడుస్తుండగానే, ఫైళ్లు తెరిచి ఉన్నా తీస్తాయి. మొత్తం మూట విప్పకుండా అందులోంచి ఒక్క శుభలేఖ ఫైలునే బయటికి లాగే వీలూ ఉంటుంది.

మూడోది క్లోన్. అదే సైజు ఎస్‌ఎస్‌డీ ఇంకోటి కొని, అచ్చుగుద్దినట్టు దించి సొరుగులో పెట్టుకోవడం. ఆపద వచ్చిన రోజు స్క్రూడ్రైవర్ తీసుకుని మార్చుకుంటే పావుగంటలో షాపు నడుస్తుంది, ఇంతకంటే వేగమైనది లేదు. కానీ క్లోన్ తీసిన రోజుకే అది ఆగిపోతుంది, నిన్నటి ఫైలు అందులో ఉండదు. అసలుదీ క్లోనూ ఒకేసారి తగిలించి ఉంచకూడదు, రెండిటికీ ఒకే గుర్తింపు ఉండటంతో విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది.

మీ బడ్జెట్‌లో రెండో దారి కుదురుతుందని నా అభిప్రాయం. వీమ్‌తో ఎలా చేయాలో చెప్తాను, మిగతావీ దాదాపు ఇలాగే ఉంటాయి.

కొత్త 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనండి. వెంటనే దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయండి. పాత పద్ధతైన ఎఫ్‌ఏటీ32లో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు, ఇమేజ్ మధ్యలో ఆగిపోతుంది. కంప్యూటర్ వెనకవైపు నీలం రంగు నాలుక ఉన్న యూఎస్‌బీ 3 పోర్టుకే తగిలించండి. సెకనుకు 100 ఎంబీ చొప్పున రాస్తే మీ సీ, డీ కలిపి దాదాపు 470 జీబీకి గంటన్నర దాకా పడుతుంది. అదే నల్ల పోర్టు, అంటే యూఎస్‌బీ 2 అయితే సెకనుకు 35 ఎంబీ దాటడం కష్టం, నాలుగు గంటలు కూర్చోవాలి. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి చివరి అక్షరాల్లో ఒకటి, జెడ్ అనుకోండి, ఇచ్చేయండి. లేకపోతే కస్టమరు పెన్‌డ్రైవ్ పెట్టిన రోజు బ్యాకప్ డిస్క్ అక్షరాన్ని అది ఆక్రమించడం, బ్యాకప్ డిస్క్ కనపడక ప్రోగ్రాము ఊరుకోవడం, నెల తర్వాత ఎవరో గమనించడం ఇలాంటి షాపుల్లో మామూలే.

ప్రోగ్రాములో మొత్తం కంప్యూటర్ తీయమని ఎంచుకుని, 14 రోజుల కాపీలు ఉంచమని చెప్పండి. సమయం మధ్యాహ్నం భోజన వేళ పెట్టండి. రాత్రి పదింటికి పెడితే అప్పటికి మీరు మెయిన్ ఆపేసి ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. పని అయ్యాక డిస్క్‌ని దానంతటదే విడదీసే టిక్కు ఒకటి ఉంటుంది, అది పెట్టండి. ఎందుకో కాసేపట్లో చెప్తాను. యూపీఎస్ బ్యాటరీ ఒకసారి చూపించుకోండి. రాస్తుండగా కరెంటు పోతే ఆ రోజు మూట చెడిపోవచ్చు.

ఇక చాలామంది వదిలేసే మెట్టు. ఇమేజ్ ఎంత బాగున్నా, విండోస్ లేవని కంప్యూటర్‌లో దాన్ని విప్పేవాళ్లు ఎవరు? దానికి రికవరీ పెన్‌డ్రైవ్ కావాలి. ఆ ప్రోగ్రామే తయారుచేసి పెడుతుంది. 8 జీబీదో 16 జీబీదో పెన్‌డ్రైవ్ దీనికే కేటాయించండి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. తయారుచేసేటప్పుడు ఈ కంప్యూటర్ డ్రైవర్లు కూడా చేర్చమని అడిగితే సరేననండి. అవి లేకపోతే కొన్ని కొత్త ఇంటెల్ యంత్రాల్లో ఎన్‌వీఎంఈ డిస్కే (బోర్డుకు నేరుగా గుచ్చే ఎస్‌ఎస్‌డీ) కనపడదు, మూట చేతిలో ఉన్నా దింపే చోటు దొరకదు.

పెన్‌డ్రైవ్ తయారైన రోజే ఒక రిహార్సల్ చేయండి. కంప్యూటర్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండండి. గిగాబైట్ కంపెనీ మదర్‌బోర్డుకు ఎఫ్12, ఆసుస్‌కు ఎఫ్8, ఎంఎస్‌ఐకి ఎఫ్11. మెనూలో మీ పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపించవచ్చు, ముందు “యూఈఎఫ్‌ఐ” అని ఉన్నదే ఎంచుకోండి. మీ విండోస్ 11 ఆ పద్ధతిలోనే ఎక్కి ఉంటుంది. రెండోదాంతో లేపి రీస్టోర్ చేస్తే అంతా సజావుగా ముగిసినట్టే ఉండి చివరికి విండోస్ లేవకపోవచ్చు. లోపలికి వెళ్లాక రీస్టోర్ ఎంచుకుని, ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద మీ బ్యాకప్ తేదీలు వరుసగా కనపడుతున్నాయా, దింపాల్సిన ఎస్‌ఎస్‌డీ కనపడుతోందా, ఈ రెండూ చూసి అక్కడితో క్యాన్సిల్ కొట్టేయండి. పూర్తిగా దించి చూడాలనుకుంటే ఉన్న ఎస్‌ఎస్‌డీ తీసి, అరువుకు తెచ్చిన ఇంకో ఎస్‌ఎస్‌డీ బిగించి మాత్రమే చేయండి. ఉన్నదాని మీద ప్రయోగం వద్దు.

ఈ పరీక్షలో అన్నీ సరిపోతే, మళ్లీ ఎస్‌ఎస్‌డీ పోయిన రోజు మీ లెక్క ఇది: ఊళ్లో కొత్తది కొనుక్కురావడానికి ఒక పూట, దింపడానికి ఒక గంట. కానీ పోయింది మదర్‌బోర్డు అయితే పరిస్థితి వేరు. ఇమేజ్‌ని వేరే కంప్యూటర్‌లో దింపినా విండోస్ చాలావరకు లేస్తుంది, కొన్ని డ్రైవర్లు వేసుకోవాల్సి వస్తుంది, యాక్టివేషన్ మళ్లీ అడగవచ్చు. లైసెన్సు యంత్రానికి ముడిపడిన సాఫ్ట్‌వేర్లు కూడా మళ్లీ నంబరు అడుగుతాయి. అందుకని ఆ నంబర్లన్నీ ఒక కాగితం మీద చేత్తో రాసి షాపు రిజిస్టర్లో అంటించండి. ఇన్‌స్టలేషన్ ఫైళ్లు, అను ఫాంట్ల ఫోల్డరు విడిగా ఇంకోచోట కూడా ఉంచండి.

అదే కాగితం మీద ఇంకో నంబరు కూడా ఉండాలి. విండోస్ 11 కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా యంత్రాల్లో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. బోర్డులోనో, బయోస్‌లోనో (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాము) మార్పు జరిగిన రోజు నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్ బాగున్నా మీ ఫైళ్లు మీకు రావు, ఏ మెకానిక్కూ తీయలేడు. సెట్టింగ్స్‌లో “ప్రైవసీ అండ్ సెక్యూరిటీ” కింద డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో ఈరోజే చూడండి. ఉంటే కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. ఒక అనుమానం కూడా చెప్పాలి: విండోస్ ఎక్కించిన అబ్బాయి తన ఖాతాతో లాగిన్ అయి ఇచ్చాడేమో కనుక్కోండి. అలాగైతే ఆ కీ అతని ఖాతాలో ఉంటుంది.

ఫైళ్ల సంగతికి వద్దాం. మొత్తం కంప్యూటర్ ఇమేజ్‌లో అవీ వస్తాయి కానీ 14 రోజుల వరకే. ట్యాలీ లెక్కలకు ఇది చాలదు. జీఎస్టీ చట్టం ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలి. ఆ వ్యాపారులు మీ మీద నమ్మకంతో ఇచ్చిన లెక్కలవి. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కితే వచ్చే డేటా మెనూలో బ్యాకప్ ఉంది. ప్రతి నెలా రిటర్న్ వేసిన రోజు ఒకటి తీసి, నెల పేరుతో ఫోల్డర్ చేసి ఉంచండి. మార్చి ముగిసి లెక్కలు తేలాక తీసినదాన్ని ఎప్పటికీ చెరపకండి. రీస్టోర్ చేయాల్సి వస్తే మాత్రం ఇప్పుడు నడుస్తున్న డేటా ఫోల్డర్ మీదికే చేయొద్దు. పక్కన కొత్త ఫోల్డర్ పెట్టి అందులోకి చేసి చూసుకోండి. తొందరలో పాత నెల డేటాని కొత్తదాని మీద దింపేస్తే, కాపాడాల్సిన బ్యాకప్పే ఉన్నదాన్ని చెరిపేస్తుంది.

పేజ్‌మేకర్ పనులకు ఒక జాగ్రత్త. పెద్ద బొమ్మలు ఫైల్లో ఉండవు, లింకు మాత్రమే ఉంటుంది. శుభలేఖ ఫైలు ఒక్కటే దాచుకుని, దేవుడి బొమ్మ కస్టమర్ పెన్‌డ్రైవ్‌లోనే ఉండిపోతే తర్వాత ప్రింటుకు మసకగా వస్తుంది. సేవ్ యాజ్ పెట్టెలో “ఆల్ లింక్‌డ్ ఫైల్స్” ఎంచుకుంటే అన్నీ ఒకచోటికి చేరతాయి. కోరెల్‌డ్రాలో అదే పనికి “కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్” ఉంది. అయిపోయిన ప్రతి పనికీ ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఒకటి తీసి పక్కన పెట్టండి. రేపు ఏ సాఫ్ట్‌వేర్ లేవకపోయినా, ఫాంట్లు దొరక్కపోయినా, ఆ పీడీఎఫ్‌తో పక్క షాపులోనైనా ప్రింటు తీసి కస్టమర్‌కు ఇవ్వొచ్చు.

ఇక డిస్కులు ఎన్ని అన్న ప్రశ్న. ఒక్క డిస్క్‌తో ఆపితే ఖర్చు తగ్గుతుంది. షాపులో దొంగలు పడినా, షార్ట్ సర్క్యూట్ అయినా కంప్యూటరూ డిస్కూ కలిసే పోతాయి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు, వాట్సాప్ వెబ్, ఈమెయిల్ జోడింపులు రోజంతా తెరిచే యంత్రం మీది, రాన్సమ్‌వేర్ ముప్పు ఇంట్లో వాడే కంప్యూటర్ కంటే ఎక్కువ. ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగే ఆ వైరస్, ఆ క్షణంలో తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని కూడా వదలదు. 2017 మేలో వన్నాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. పని అయ్యాక డిస్క్‌ని విడదీసే టిక్కు పెట్టమన్నది అందుకే. అయినా కేబుల్ కూడా చేత్తో తీసేయడం మంచిది. మర్నాడు భోజన వేళకు ముందు దాన్ని మళ్లీ తగిలించడం ఒక్కటే మీరు గుర్తుపెట్టుకోవాల్సిన పని.

రెండు డిస్కులు కొంటే ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో బీరువాలో ఉంటాయి. ఆదివారం ఇంటిది షాపుకు, షాపుది ఇంటికి మార్చుకుంటారు. ఎంత పెద్ద నష్టం జరిగినా వారం పనికి మించి పోదు. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ వాడుకలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇదే: మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, ఒకటి వేరే చోట. ఒక 2 టీబీ డిస్క్ కంటే రెండు 1 టీబీ డిస్కులు మేలు. ఇప్పుడు రెండూ కొనలేకపోతే ఒకటి ఇవాళ, ఇంకోటి వచ్చే సీజన్‌కు ముందు కొనండి, ఈలోగా క్లౌడ్ ఆ లోటు కొంత తీరుస్తుంది. ఐదొందలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ అని ఆన్‌లైన్‌లో కనపడేవాటి జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటిలో నిజంగా ఉండేది కొద్ది జీబీలే. అది నిండాక పాతవాటి మీద కొత్తవి రాసేస్తూ పేర్లు మాత్రం చూపిస్తుంటుంది. నెట్‌వర్క్ డిస్కులు, నాస్ పెట్టెలు ఒక్క కంప్యూటర్ ఉన్న మీకు అక్కర్లేదు.

మీ మరిది మాటలో ఉన్న మంచిని వదులుకోకండి. క్లౌడ్ మీ షాపుకూ ఇంటికీ కూడా దూరంగా ఉండే కాపీ. కానీ లెక్క చూడండి. మీ ఇంటర్నెట్ లైను 40 ఎంబీపీఎస్ అని ఉత్తరంలో రాశారు. అంటే సెకనుకు 5 ఎంబీ. 380 జీబీ ఎక్కాలంటే ఎక్కడా ఆగకుండా సాగినా 21 గంటలు, దింపుకోవడానికీ అంతే. ఉచితంగా గూగుల్ ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిలూ ఫోటోలూ. మైక్రోసాఫ్ట్ ఇచ్చేది 5 జీబీ. కాబట్టి పాత పనులన్నీ కాకుండా “నడుస్తున్న పనులు” అని ఒక ఫోల్డర్ పెట్టి దాన్ని, ట్యాలీ నెలవారీ బ్యాకప్‌ని, పూర్తయిన పీడీఎఫ్‌లను మాత్రం క్లౌడ్‌కు కలపండి. చేతిలో ఉన్న ఆరు శుభలేఖలు అప్పుడు ఏ ఫోన్‌లోనైనా దొరుకుతాయి.

ఇక్కడ మరిదికి ఒక్క విషయం గుర్తుచేయండి. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ చేసేది సింక్. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. చెత్తబుట్టలో 30 రోజులుంటుంది, ఆ తర్వాత లేదు. వన్‌డ్రైవ్ డెస్క్‌టాప్‌ని తనలోకి తీసుకున్నాక కొన్ని ఫైళ్ల పక్కన మేఘం గుర్తు కనపడుతుంది. అవి పేరుకే మీ డిస్క్ మీద ఉంటాయి, అసలు సరుకు ఉండదు, కాబట్టి ఇమేజ్‌లోకీ రాదు. ఆ ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి “ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైజ్” పెట్టండి. విండోస్ బ్యాకప్ అనే యాప్ విండోస్ 11లో కనపడి అన్నీ చూసుకుంటానంటుంది, అది ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌కు పంపి సెట్టింగులు గుర్తుపెట్టుకుంటుందే తప్ప పేజ్‌మేకర్‌నీ అనునీ తిరిగి తేదు.

ఏ దారి ఎంచుకున్నా నెలకోసారి పరీక్ష తప్పదు. గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు మార్చే అమావాస్య రోజున ఇదీ చేసేయండి. బ్యాకప్ డిస్క్‌లోంచి ఎప్పటిదో ఒక శుభలేఖ, ఒక ట్యాలీ కంపెనీ, ఒక ఫోటో బయటికి తీసి తెరవండి. పేర్లు కనపడితే చాలదు, తెరుచుకుని తెలుగు అక్షరాలు సరిగా రావాలి. మీ పాత డిస్క్ ఏడు నెలల్లో ఎప్పుడైనా ఒకసారి ఇలా తెరిచి చూసుకుని ఉంటే, దాని జబ్బు అప్పుడే బయటపడి ఉండేది.

ఆ పాత ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని ఇప్పుడు ఏం చేయాలంటే, దానిమీద ఇంకేమీ రాయకండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము తెరిస్తే పసుపు రంగులో “కాషన్” అనిగానీ, “కరెంట్ పెండింగ్ సెక్టార్” వరుసలో సున్నా కాని అంకెగానీ కనపడవచ్చు. కనపడితే డిస్క్ పళ్లెం మీదే కొన్ని చోట్లు చదవడానికి రావడం లేదని అర్థం. విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడపమని ఎవరైనా అంటే ఆపండి. నీరసించిన డిస్క్ మీద అది రాతలు మారుస్తుంది, ఉన్న ఫైళ్ల పేర్లూ పోవచ్చు. ముందు చదవగలిగినవన్నీ కొత్త డిస్క్‌లోకి తీయండి. టిక్ టిక్ మని చప్పుడు వస్తుంటే మాత్రం అదీ వద్దు, కేబుల్ తీసేయండి.

సొరుగులోని ఎస్‌ఎస్‌డీ మీద ఎక్కువ ఆశ పెట్టుకోమని చెప్పలేను. హార్డ్‌డిస్క్ పోయేముందు చాలాసార్లు మూలుగుతుంది, ఎస్‌ఎస్‌డీ తరచుగా ఒక్కసారే మూగబోతుంది. ఇంకో కంప్యూటర్‌కు తగిలించి బయోస్‌లో పేరు వస్తుందేమో చూడండి. పేరు వచ్చి సైజు సరిగా చూపిస్తే కొంత అవకాశముంది. పేరే రాకపోతే ఏ ఉచిత రికవరీ ప్రోగ్రామూ దాన్ని తాకలేదు, పెద్ద నగరాల్లోని డేటా రికవరీ ల్యాబులే దారి. వాళ్లను ముందే రెండు అడగండి: చూసి చెప్పడానికి ఎంత, ఫైళ్లు రాకపోతే ఎంత? ల్యాబు ఖర్చు మీరు డిస్కులకు అనుకున్న మొత్తాన్ని సులభంగా దాటుతుంది. ఆ శుభలేఖలు ఎలాగూ మళ్లీ కంపోజ్ చేసేశారు, కాబట్టి ఎస్‌ఎస్‌డీకి ఆ డబ్బు పెట్టడం దండగ. ల్యాబుకు పంపాల్సింది ఏదైనా ఉంటే అది ఫోటోలున్న ఎక్స్‌టర్నల్ డిస్కే. అందులోనుంచి వచ్చే అవకాశం ఎస్‌ఎస్‌డీ కంటే మెరుగు.

డబ్బు కట్టేముందు ఫోటోల కోసం ఇంకోచోట వెతకండి. అమ్మాయి పుట్టినరోజు ఫోటోలు అప్పట్లో అమెరికాలోని మీ చెల్లెలికి ఈమెయిల్‌లో పంపానని ఉత్తరం చివర్లో ఒక మాట రాశారు. ఈమెయిల్ జోడింపుగా వెళ్లినవి అసలు సైజులోనే ఉంటాయి. ఆమెను తన పాత మెయిళ్లలో మీ పేరుతో వెతికి, దొరికినవి తిరిగి పంపమనండి. వాట్సాప్‌లో పంపితే ఫోటోగా కాకుండా “డాక్యుమెంట్”గా పంపమని చెప్పండి, లేకపోతే నాణ్యత తగ్గిపోతుంది. మీ ఇద్దరి జీమెయిళ్లలో “సెంట్” ఫోల్డర్ కూడా ఆ ఏళ్ల దాకా వెనక్కి వెళ్లి చూడండి.